అవిశ్వాసులు కావలెను

నిరీక్షణరావుని పసిఫిక్ సముద్రంలోకి పంపాలని తీర్మానించిన రోజున, ఆ సముద్రంలో ఎవరుంటారో ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం కూడా కనిపించలేదు, ఎందుకంటే గోడ మీద ప్రపంచ పటం ఉంది.

సర్వలోక సువార్త దిగ్విజయ సంఘం వారి అంతర్జాతీయ కేంద్ర కార్యాలయం గుంటూరులో ఒక టైర్ల కొట్టు పైన రెండు గదుల్లో ఉండేది. సంఘం సేవకుడు వెళ్లిన చోటల్లా ఆ పటం మీద ఎర్ర గుండుసూది గుచ్చేవారు. కుడిచేతి వైపు నీలం రంగు ఉన్నంత మేరా ఒక్క సూదీ లేదు. డైరెక్టర్ జనరల్ రెవరెండ్ డాక్టర్ జయశీలరావు గారు కళ్లద్దాలు సర్దుకుని, ఆ నీలంలో ఈగ వాలినంత చుక్క మీద వేలు పెట్టి, "ఈ చీకటి ప్రాంతం మన హృదయాలను కలచివేయుచున్నది" అన్నారు. కమిటీ సభ్యులు ముగ్గురూ వెంటనే కలచివేయబడ్డారు. చుక్క పేరు తుమారే అని కార్యదర్శి ఎజ్రా ప్రసాద్ గారు భూతద్దం పెట్టి చదివారు.

నిరీక్షణరావు పొన్నూరు దగ్గర పల్లెటూరి కుర్రాడు. బైబిలు స్కూలు అప్పుడే పూర్తిచేశాడు. అతని గురించి చెప్పుకోవాల్సింది ఒకటుంది. అతను నిజంగానే నమ్మేవాడు. ఎవరూ చూడనప్పుడు కూడా ప్రార్థన చేసుకునేవాడు. పంపించే రోజున ఊరేగింపు జరిగింది, బ్యాండు మోగింది, బస్టాండు ముందు అతని నిలువెత్తు ఫ్లెక్సీ లేచింది. అందులో అతను ఒక భూగోళం మీద బూట్లేసుకుని నిలబడి ఉన్నాడు. అసలు కాళ్లకి మాత్రం చెప్పులే ఉన్నాయి. వాళ్లమ్మ ఫ్లెక్సీని చూసి ఒకసారి, కొడుకుని చూసి ఒకసారి ఏడ్చింది.

బస్సెక్కే ముందు జయశీలరావు గారు నియమావళిలోని ముఖ్యమైన నియమం చదివి వినిపించారు. "క్షేత్రమందు అడుగిడిన ఆరు మాసములలోగా ఒక అవిశ్వాసినైనను మార్చజాలని సేవకుడు ఫలింపనివాడుగా ఎంచబడి వెనుకకు పిలిపించబడును. ఇదివరకే విశ్వాసులైనవారు లెక్కలోనికి రారు." నిరీక్షణరావు తలూపాడు. అంత పెద్ద సముద్రంలో ఒక్క అవిశ్వాసి దొరకకపోతాడా అనుకున్నాడు.

విమానాలు మారి, ఓడ మారి, చివరికి కొబ్బరికాయల పడవలో పడి తుమారే చేరేసరికి అతని కడుపులో ఏమీ మిగల్లేదు. ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. పూలదండలు వేశారు. ఇంతమంది చీకటిలో ఉన్నారే అని అతని మనసు కరిగిపోయింది. ఇసుకలోనే నిలబడి, ఓడలో ఉండగా నేర్చుకున్న వాళ్ల భాషలో గొంతెత్తి అడిగాడు. "యేసు అనే ఆయన గురించి మీరు ఎప్పుడైనా విన్నారా?"

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు వరసలో ఉన్న చిన్నపిల్ల, "బేత్లెహేములో పుట్టినాయనేనా, వేరే ఆయనా?" అని అడిగింది. ఊరి నాయకుడు తాలియో ఏనుగంత మనిషి. అతిథి పాట అడుగుతున్నాడేమో అనుకుని చెయ్యి ఊపాడు. అంతే, ఊరు ఊరంతా నాలుగు గొంతుల్లో కీర్తన అందుకుంది. ఆడవాళ్ల స్వరం పైన ఎగురుతుంటే, మగవాళ్ల స్వరం కింద నేలలా పరుచుకుంది. నిరీక్షణరావుకి తెలిసిన కీర్తనల్లో సగం మైకుదీ, సగం కీబోర్డుదీ. ఇలాంటిది అతను పుట్టి వినలేదు. చెప్పదలుచుకున్న ప్రసంగం కాస్తా గొంతులోనే ఆవిరైపోయింది.

భోజనాల దగ్గర సంగతి తేలింది. కాల్చిన పంది మాంసం, చేమదుంపలు, సీమపనస అతని ముందు గుట్టలు పోస్తూ తాలియో చెప్పాడు. తుమారే వాళ్లు ముత్తాతల నాటి నుంచీ విశ్వాసులు. ఆయన సొంత ముత్తాత పక్క దీవులకి సువార్త చెప్పడానికి వెళ్లి అక్కడే కన్నుమూశాడు.

"మరి నువ్వెందుకొచ్చావు నాయనా?" అన్నాడు తాలియో.

"సువార్త చెప్పడానికండి."

"ఎవరికి?"

నిరీక్షణరావు చేమదుంప నమిలాడు.

"మీ దేశంలో అందరూ నమ్ముతారా?"

"లేదండి. కొద్దిమందే."

తాలియో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "పాపం, అందుకని ఇంత దూరం పారిపోయి వచ్చావా! ఇక్కడ నీకేం భయం లేదు." మరుసటి ఆదివారం ఇండియా రక్షణ కోసం చర్చిలో ప్రత్యేక కానుక పట్టారు. పట్టింది కొబ్బరికాయలు. వాటిని ఇండియాకి చేర్చే దారి లేదు గనక ఇండియా తరపున నిరీక్షణరావే వాటిని తినాల్సి వచ్చింది.

తుమారేలో రోజు శంఖంతో మొదలవుతుంది. తెల్లవారకముందే ఎవరో ఊదుతారు, ప్రతి ఇంట్లోనూ మోకాళ్లు నేలకి ఆనుతాయి. సాయంత్రం మళ్లీ శంఖం, మళ్లీ మోకాళ్లు. ఆదివారం ఆరాధన పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పొద్దుపోయేముందు ఇంకొకటి. బుధవారం వాక్యం, శుక్రవారం పాటల సాధన. నిరీక్షణరావు తనని తాను భక్తిపరుడిననుకునేవాడు. మూడో వారానికి అతని మోకాళ్లు వాచాయి. తెల్లవారుజాము ప్రార్థనలో కునికిపాట్లు పడుతుంటే, ఊరి పాస్టరు లోటో కళ్లు మూసుకునే, "విదేశం నుంచి వచ్చిన బలహీన సోదరుణ్ణి బలపరచుము ప్రభువా" అని పెద్ద గొంతుతో ప్రార్థించాడు. ఊరంతా ఆమెన్ అంది.

ఫోను అందేది కొండ మీద నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే. ఎక్కి ఎక్కి, రొప్పుతూ, నిరీక్షణరావు గుంటూరుకి ఫోను చేశాడు.

"అయ్యగారండీ, వందనాలండి. ఇక్కడ అందరూ విశ్వాసులేనండి."

"అట్లు ఉండుటకు వీలులేదు" అన్నారు జయశీలరావు గారు.

"ఉన్నారండి."

"బ్రదర్ నిరీక్షణరావు గారూ. ఆ దీవి చీకటి ప్రాంతమని కమిటీ తీర్మానించినది. తీర్మానము ఏకగ్రీవము. ఏకగ్రీవ తీర్మానమునకు విరుద్ధముగా అచ్చట వెలుగు ఉన్నచో అది క్రమశిక్షణా రాహిత్యము."

"పోనీ పక్క దీవికి వెళ్లమంటారా అండీ?"

"సూది గుచ్చేశాం బ్రదర్" అన్నారాయన, మొదటిసారి మామూలు మనిషిలా. మళ్లీ తేరుకుని, "వెదకుడి. శ్రద్ధగా వెదకనందుననే మీకు అవిశ్వాసి కనబడలేదు. గడువు గుర్తుంచుకొనుడి" అని పెట్టేశారు.

గడువు దగ్గరపడింది. నిరీక్షణరావుకి అన్నం సయించడం మానేసింది. తాలియో భార్య సెలూ ఊళ్లో ఎవరి పళ్లెం నిండలేదో చూడకుండా కూర్చోలేని మనిషి. పక్కన చతికిలబడి, "ఏమైంది నాయనా, వంట నచ్చలేదా?" అని అడిగేసరికి అతను ఉన్నదంతా చెప్పేశాడు. ఒక్క అవిశ్వాసి దొరక్కపోతే వెనక్కి పొమ్మంటారని, బస్టాండు ముందు అమ్మ తలెత్తుకోలేదని చెప్పాడు.

ఆ మాట తాలియో చెవిన పడింది. ఆయనకి రోషం వచ్చింది. "మన ఊరికొచ్చిన అతిథి తనకి కావలసింది దొరక్క ఉత్తచేతులతో వెళ్తే, పక్క దీవులవాళ్లు ఏమంటారు?" అని పెద్దల్ని పిలిపించాడు.

పాస్టరు లోటో ముందు ఒప్పుకోలేదు. "అవిశ్వాసం పాపం" అన్నాడు.

"అతిథిని చిన్నబుచ్చడం?" అన్నాడు తాలియో.

లోటో గడ్డం నిమురుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. "అదీ పాపమే" అన్నాడు చివరికి. "ఇంకాస్త పెద్దది."

అలా దారి తెరుచుకుంది. కానీ అవిశ్వాసిగా ఉండడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆఖరికి మఫీ చెయ్యెత్తాడు. మఫీ పాటల బృందంలో అందరికన్నా లోతైన గొంతున్నవాడు, ఊళ్లో అందరికన్నా బద్ధకస్తుడు. "శనివారం దాకా నమ్మను. ఆదివారానికి మాత్రం నమ్మించెయ్యాలి, పాటలో నా వంతుంది" అన్నాడు.

"ఇది అబద్ధం కదండీ" అన్నాడు నిరీక్షణరావు.

"అబద్ధం ఎందుకవుతుంది? శనివారం దాకా మఫీ నిజంగానే నమ్మడు. నేను దగ్గరుండి చూసుకుంటాను" అన్నాడు తాలియో.

నిరీక్షణరావు ఇంకోసారి కాదనలేదు. ఆ ఒక్కసారీ గట్టిగా అని ఉంటే ఎలా ఉండేదో తరవాత చాలా రోజులు ఆలోచించుకున్నాడు.

ఆ వారం శంఖం మోగినా మఫీ లేవలేదు. పిల్లలు గుంపులుగా వచ్చి, అవిశ్వాసి ఎలా ఉంటాడో చూసి వెళ్లారు. గురక పెడుతున్నాడని ఊరంతా చెప్పుకున్నారు. పాపం నశించిపోతున్నవాడు కదా అని ఆడవాళ్లు జాలిపడి కమ్మటివన్నీ వండి పంపించారు. శనివారం నిరీక్షణరావు తను సిద్ధం చేసుకున్న పెద్ద ప్రసంగం మొదలుపెట్టాడు. రెండో వాక్యానికే మఫీ భోరున ఏడ్చి, నమ్మేశానన్నాడు. "ఇంకాసేపు ఆగరాదా, అసలైంది ముందుంది" అని నిరీక్షణరావు చెవిలో బతిమాలినా వినలేదు, ఎందుకంటే పంది కాలడం అయిపోయింది. తీరం దగ్గరి లోతు తక్కువ నీళ్లలో మఫీ తన జీవితంలో రెండో బాప్తిస్మం తీసుకున్నాడు.

గుంటూరులో పండగ చేశారు. 'తుమారే తొలి ఫలం' అని మఫీ ఫొటోతో ఫ్లెక్సీ లేచింది. జయశీలరావు గారు ఫోనులో, "ఒకడు సాధ్యమైనప్పుడు నెలకొకడు అసాధ్యమా?" అన్నారు. నెలకొకడయ్యాక, "నెలకొకడు సాధ్యమైనప్పుడు వారమునకొకడు అసాధ్యమా?" అన్నారు. తర్కంలో తప్పేమీ లేదు.

తుమారేలో కూడా పరిస్థితి మారింది. మొదట్లో అవిశ్వాసానికి ఒక్కడూ దొరకలేదు కదా, మఫీ వారం చూశాక వరస కట్టారు. తెల్లవారుజామున లేవక్కర్లేదు, సాధనకి వెళ్లక్కర్లేదు, పైగా జాలిపడి పెట్టే భోజనం. తాలియో క్రమశిక్షణ గల మనిషి. ఊరికే వదిలేస్తే గందరగోళమని గాలి బాగా వీచే చోట అవిశ్వాసుల పాక ఒకటి వేయించాడు. చేరదలచినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి, "నమ్ముతున్నావా?" అని గద్దించి అడిగేవాడు. "లేదు" అని స్పష్టంగా చెప్పాలి. నసిగితే లోపలికి రానివ్వడు. అన్నం ముందు అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్న ఒకతన్ని అందరి ముందూ నిలదీసి, పాకలోంచి వెళ్లగొట్టి, బలవంతాన చర్చికి పంపించారు. అతను దారి పొడుగునా, "పొరపాటున మూసుకున్నానండీ, ఏమీ అనుకోలేదండీ లోపల" అని మొత్తుకున్నాడు.

ఒకరోజు సెలూ వచ్చి మొగుడి ముందు నిలబడింది.

"నాకూ ఒక వారం అవిశ్వాసం కావాలి."

"నువ్వు నాయకుడి భార్యవి!"

"పెళ్లయిన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం ఊరందరికీ వండుతున్నాను. పాకలో మగాళ్లే కూర్చుని మగాళ్లే తింటున్నారు. ఒక వారం."

"కుదరదు."

"అయితే రెండు వారాలు" అంది సెలూ. తాలియో ఒక వారానికి ఒప్పుకున్నాడు. ఆ ఆదివారం ఊరు ఊరంతా చల్లటి చేమదుంపలు తింది.

పాస్టరు లోటో నిరీక్షణరావుని పక్కకి పిలిచాడు. "సోదరుడా, నా బేస్ గొంతులన్నీ అవిశ్వాసంలో ఉన్నాయి. ఆడవాళ్ల పాట ఆకాశంలోకి ఎగిరిపోతోంది, కింద పట్టుకునేవాడు లేడు. నువ్వు రాకముందు మా దగ్గర అవిశ్వాసం లేదు, నువ్వొచ్చి తెచ్చావు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, దిగులుగా అన్నాడు.

అప్పుడే మటావు వంతు వచ్చింది.

మటావు ఎండి బిగుసుకుపోయిన ముసలాయన. ఒంటరిగా ఉంటాడు, ఒంటరిగా చేపలు పడతాడు. వంతు అడగలేదు, తాలియో పిలిస్తే వచ్చాడు. "నమ్ముతున్నావా?" అంటే, "లేదు" అన్నాడు. అంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదని తాలియో మెచ్చుకున్నాడు కూడా. పాకలో మాత్రం కూర్చోలేదు, తన పడవ దగ్గరికి వెళ్లిపోయాడు.

శనివారం నిరీక్షణరావు ప్రసంగం చేశాడు. మొదటిసారి ప్రసంగం మొత్తం పూర్తయింది. "ఇప్పుడు నమ్ముతున్నారా?" అని అడిగాడు.

"లేదు" అన్నాడు మటావు.

జనం నవ్వారు, ముసలాయన ఇంకో వారం విశ్రాంతి కొట్టేశాడని. మరుసటి శనివారం మళ్లీ అడిగితే మళ్లీ, "లేదు" అన్నాడు. కొద్దిమందే నవ్వారు. ఆ తరవాతి శనివారం ఎవరూ నవ్వలేదు. కాలిన పందిని ఎవరూ ముట్టుకోలేదు.

మర్నాడు అందరూ చర్చిలో ఉండగా నిరీక్షణరావు ఒడ్డుకి వెళ్లాడు. మటావు బోర్లించిన పడవ మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"నీకు మాట పడుతోందా నా వల్ల?" అన్నాడు, తలెత్తకుండానే.

"అందుకు రాలేదండి."

"నా కొడుకు లెకి అక్కడ పోయాడు." మటావు గడ్డంతో సముద్రంలోకి చూపించాడు. దూరంగా పగడపు దిబ్బ మీద అలలు తెల్లగా విరుగుతున్నాయి. "ఆ రోజు గాలి లేదు. అల లేదు. ఈత వాడికి నేనే నేర్పాను. ఆ ఆదివారం కూడా చర్చికి వెళ్లి పాడాను. పాడకపోతే ఊరంతా బాధపడుతుంది. అప్పట్నుంచీ నోరు కదుపుతున్నాను. లోపల ఏమీ లేదు. ఇక్కడ ఆ మాట పైకి అనడానికి చోటు లేదు బాబూ, అందరూ పాడుతుంటారు. మొన్న తాలియో నిలబెట్టి అడిగాడు చూడు... లేదు అన్నాను. పడవలోంచి బండరాయి తీసి అవతల పారేసినట్టుంది. మళ్లీ ఎక్కించుకోమంటే నా వల్ల కాదు."

బైబిలు స్కూల్లో నిరీక్షణరావు ఈ ప్రశ్నకి జవాబులు నేర్చుకున్నాడు, పరీక్షలో మంచి మార్కులు కూడా వచ్చాయి. అన్నీ గుర్తొచ్చాయి. ఒక్కటీ నోటిదాకా రాలేదు. వల రెండో కొస పట్టుకున్నాడు.

"అలా కాదు, బిగించి పట్టుకో" అన్నాడు మటావు.

ఆ మర్నాటి నుంచీ ఇద్దరూ కలిసి వేటకి వెళ్లారు. నిరీక్షణరావు వాంతులు చేసుకున్నాడు, అరచేతులు బొబ్బలెక్కించుకున్నాడు, ఒకసారి చేప అనుకుని మటావు టోపీని లాగాడు. మతం మాట ఎత్తలేదు. సాయంత్రం మోకాళ్ల మీద కూర్చుంటే, ఎప్పుడూ వచ్చే పొడుగాటి మాటలు రాలేదు. "నాకు తెలియడం లేదు" అన్నాడు దేవుడితో. చిత్రంగా, దీవికొచ్చాక అవతల ఎవరో వింటున్నట్టు అనిపించింది అప్పుడే.

ఇక ఈ వంతుల తతంగం ఆపించాలని అతను నిశ్చయించుకునేలోపే గుంటూరు నుంచి కబురొచ్చింది. తుమారేలో విరివిగా పండుతున్న ఫలాలను కళ్లారా చూడడానికి క్షేత్ర పరిశీలక బృందం బయల్దేరింది.

బృందం అంటే జయశీలరావు గారు, కెమెరాతో ఎజ్రా ప్రసాద్ గారు. ఇద్దరూ కోట్లు వేసుకుని, పడవలోంచి ఆకుపచ్చటి మొహాలతో దిగారు. ఒడ్డున కాస్త కూర్చోగానే జయశీలరావు గారికి భాష తిరిగి వచ్చింది. "బ్రదర్, ఈ సాయంకాలము మహా మార్పు సభ జరుగవలెను. కెమెరా యెదుట ఒక అవిశ్వాసి మారవలెను. అవిశ్వాసులను వరుసగా నిలుపుడి." తాలియో పాకలో ఉన్నవాళ్లని తీసుకొచ్చి నిలబెట్టాడు. బాగా తిని నిగనిగలాడుతున్న ఆ మొహాలు డైరెక్టరు గారికి నచ్చలేదు. అటుగా వల మోసుకుపోతున్న మటావు కనిపించాడు. "అదిగో! ఆ ముఖమందు చీకటి స్పష్టముగా కనబడుచున్నది. ఆయనే కావలెను."

"ఆయన్ని వదిలెయ్యండి అయ్యగారూ" అన్నాడు నిరీక్షణరావు.

"ఎందుకని?"

"ఆయన నిజంగా నమ్మడండి."

"నమ్మనివాడే గదా బ్రదర్ మనకు కావలసినది!" అన్నారు జయశీలరావు గారు విసుగ్గా.

సభ మొదలైంది. పిలిస్తే మటావు వచ్చాడు, పెద్దలు పిలిచారు గనక. ఎజ్రా ప్రసాద్ గారు కెమెరా ఎత్తారు. జయశీలరావు గారు చెయ్యి చాచి, "ఓ తుమారే వృద్ధుడా! తరతరముల అంధకారమందు అలమటించుచున్న నీ ఆత్మ ఈ గడియ మేల్కొనుచున్నదా?" అని గర్జించి, అనువదించమన్నట్టు చూశారు.

నిరీక్షణరావు మటావు వైపు తిరిగాడు. "ఇప్పుడు నమ్ముతున్నారా అని అడుగుతున్నారండి. మీకు ఉన్నదే చెప్పండి."

"లేదు" అన్నాడు మటావు.

"మరల అడుగుము. ఆయనకు అర్థము కాలేదు."

"అర్థమైందండి" అన్నాడు నిరీక్షణరావు. "మీకే అర్థం కాలేదు అయ్యగారూ, తప్పు నాది. మఫీ దగ్గర్నుంచీ మీరు ఫ్లెక్సీలు వేసినవాళ్లంతా పుట్టినప్పటి నుంచీ విశ్వాసులేనండి. నేను వెనక్కి పోకూడదని నా కోసం తలా ఒక వారం నమ్మడం మానేశారు. ఈ దీవిలో నిజమైన అవిశ్వాసి ఈయనొక్కడే. ఈయన్ని నేను మార్చలేదు, మార్చలేను."

ఎజ్రా ప్రసాద్ గారి కెమెరా మెల్లిగా కిందికి దిగింది. ఏమన్నాడని తాలియో అడిగి తెలుసుకుని, "అవును, ఏర్పాట్లన్నీ నేనే చూసుకున్నాను" అని గర్వంగా ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

జయశీలరావు గారు కుర్చీలో కూలబడ్డారు. మొహం ఎర్రబడింది, తరవాత తెల్లబడింది, తరవాత దాని మీదికి ఆలోచన వచ్చింది. కార్యదర్శిని దగ్గరికి పిలిచారు. కూర్చున్నచోటే కమిటీ సమావేశమైంది. సముద్రపు హోరులో ఇద్దరూ గుసగుసలాడుకున్నాక, డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు.

"అవిశ్వాసి యెంత కాలము అవిశ్వాసిగా ఉండవలెనో నియమావళిలో ఎచ్చటను చెప్పబడలేదు. కనుక వారముపాటి అవిశ్వాసమును అవిశ్వాసమే. ఇంతవరకు వచ్చిన ఫలములన్నియు చెల్లును. రెండవది. బ్రదర్ నిరీక్షణరావు నిజము చెప్పినందుకు గాక, తీర్మానము లేకుండ చెప్పినందుకు మందలింపబడుచున్నాడు. మూడవది..." ఆయన మటావు వైపు చూసి, గొంతు తగ్గించారు. ఆ చూపులో ఒక రకమైన మమకారం ఉంది. "మూడవది, ఈ దీవిలో ఒక యథార్థమైన అవిశ్వాసి ఉన్నట్లు రుజువైనది. తుమారే చీకటి ప్రాంతమని కమిటీ చేసిన తీర్మానము అక్షరాల నిజమైనది! ఇకపై దీనిని మటావు క్షేత్రమని పిలువవలెను. నలుగురు అదనపు సేవకులు పంపబడుదురు."

"ఒక్కరి కోసమా అండీ?" అన్నాడు నిరీక్షణరావు.

"ఒక్కడే గనుక బ్రదర్" అన్నారాయన.

బృందం వెళ్లిపోయాక తాలియో పాక పీకించేశాడు. తరవాత వెళ్లి మటావు పడవ మీద కూర్చున్నాడు. అంత లావు మనిషి కూర్చుంటే పడవ కిర్రుమంది.

"మాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్లూ?"

"మీరు బాధపడతారని" అన్నాడు మటావు.

తాలియో ఇంటికి వెళ్లలేదు. చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. ఊరు మళ్లీ శంఖానికి లేవడం మొదలుపెట్టింది, బేస్ గొంతులు తిరిగొచ్చాయి. మటావుని మాత్రం రమ్మని ఎవరూ అడగలేదు. ఆదివారం వంటలో మొదటి పళ్లెం సెలూ ఒడ్డుకే పంపేది, ఈసారి నశించిపోతున్నాడని కాదు, ఒంటరిగా ఉన్నాడని.

నలుగురు సేవకులు గుంటూరు నుంచి దిగారు. ఒకడు పగటి సాక్ష్యానికి, ఒకడు పాటలకి, ఒకడు ప్రశ్నోత్తరాలకి, ఒకడు మిగతా ముగ్గుర్నీ పర్యవేక్షించడానికి. మటావు వాళ్లని ఎగాదిగా చూసి పడవలో ఎక్కించుకున్నాడు. పొద్దుగూకేసరికి నలుగురూ ఎండకి కమిలిపోయి, వలలు లాగి లాగి నడుములు పడిపోయి, సువార్త మాట అటుంచి సొంత పేర్లు చెప్పుకునే ఓపిక కూడా లేకుండా ఇసుకలో పడ్డారు. చేపలు మాత్రం ఊరందరికీ సరిపోయాయి.

ఒక మధ్యాహ్నం వాళ్లు నలుగురూ నిద్రపోతుండగా, మటావు నిరీక్షణరావుని పడవెక్కమన్నాడు. పగడపు దిబ్బ దగ్గరికి వచ్చాక తెడ్డు ఆపాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగున రంగురాళ్లు కనిపిస్తున్నాయి.

"ఇక్కడే" అన్నాడు మటావు. కాసేపటికి, "నువ్వు ప్రార్థన చెయ్యి. వాడి కోసం" అన్నాడు.

"మీరు...?"

"నాకు నమ్మకం లేదు. నీకుంది కదా. నువ్వు చెయ్యి. నేను పడవ కదలకుండా పట్టుకుంటాను."

నిరీక్షణరావు కళ్లు మూసుకున్నాడు. తెలుగులోనే చేశాడు, దీవి భాషలో అంత మాట అతనికి రాదు. లెకి అన్న పేరు ఒక్కటే మటావుకి అర్థమయింది. ప్రార్థన చాలాసేపు సాగింది. పడవ కదల్లేదు. కళ్లు తెరిచేసరికి ముసలాయన తెడ్డుని రెండు చేతులా నీళ్లలో నొక్కిపట్టి కూర్చుని ఉన్నాడు, బుగ్గలు తడిసి ఉన్నాయి. ఇద్దరూ ఒడ్డుకి వచ్చేశారు.

నిరీక్షణరావు కొండెక్కాడు. ఆ రోజు కేంద్ర కార్యాలయానికి ఫోను చేయాల్సిన రోజు.

"మారాడా?" అన్నారు జయశీలరావు గారు. గొంతులో ఆత్రం ఉంది.

"లేదండి."

అవతల హమ్మయ్యని ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "స్తోత్రం. ఏవైనా సూచనలు?"

నిరీక్షణరావు దిబ్బ వైపు చూశాడు. "చెప్పడానికేమీ లేవండి."

"మంచిది, మంచిది. తొందరపడకండి బ్రదర్." ఈసారి డైరెక్టరు గారి భాష పూర్తిగా నేలకి దిగివచ్చింది. "ఆ కుర్రాళ్లని కూడా మరీ గట్టిగా చెప్పొద్దనండి. ఆయన ఆరోగ్యం జాగ్రత్త. చలిగాలికి తిప్పకండి. వచ్చే ఏడాది సభలన్నీ ఆయన పేరు మీదే ఒప్పుకున్నాం. అనుకోకుండా ఒక్కసారే మారిపోతే మన పరిస్థితేంటి చెప్పండి? మనకున్నది ఆయనొక్కడే!"

కింద ఒడ్డున నలుగురు సేవకులూ లేచి, తిట్టుకుంటూ పడవకి భుజాలు ఆనిస్తున్నారు. మటావు నిలబడి, త్వరగా రమ్మని కొండ వైపు చెయ్యి ఊపుతున్నాడు. నిరీక్షణరావు, "అలాగేనండి అయ్యగారూ, జాగ్రత్తగా చూసుకుంటాం" అని ఫోను జేబులో పెట్టుకుని, కిందికి పరిగెత్తాడు.